ఎడమ సీటు

"టవర్లో ఇప్పుడు అందరూ నన్ను అక్కా అనే పిలుస్తున్నారు. మా చీఫ్‌తో సహా," అంది అక్క, చెప్పులు విడుస్తూనే.

అమ్మ కుట్టుమిషన్ ఆగిపోయింది.

"రిటైర్ కాబోతున్న మనిషి. 'అక్కా, ఆ కార్గో విమానాన్ని కాసేపు పక్కన ఆపుతావా తల్లీ' అంటాడు. పక్కవాళ్లు మైకులు మూసుకుని నవ్వడం. షిఫ్టంతా ఇదే."

"సరదాకి అన్నార్లేవే," అంది అమ్మ.

"నీకు సరదాగానే ఉంటుంది. ఆ సమయంలో గాల్లో ఉన్న ప్రతి పైలట్టూ విన్నాడమ్మా!"

నేను వంటింటి గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయాను. ఆ గ్లాసు అక్క కోసమే.

తప్పు నాదే. నిన్న పెద్ద ఎయిర్‌పోర్టులోని ఫ్లయింగ్ స్కూలు వాళ్లు నన్ను మొదటిసారి విమానం ఎక్కించారు, చేరేముందు ఒకసారి చూసుకోమని. అక్కడ విమానాలకి దారి చెప్పే టవర్ ఏం చెప్పినా దాన్ని మనం తిరిగి అప్పజెప్పి, చివర్లో మన విమానం నంబరు చెప్పాలి. కెప్టెన్ మేడమ్ నా చేత పదిసార్లు వల్లె వేయించింది. వచ్చేసింది కూడా. తీరా రేడియోలో "రన్‌వే బయట ఆగండి" అని వినబడింది. అది అక్క గొంతు.

నా నోట్లోంచి "సరే అక్కా" అని వచ్చేసింది.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ గొంతుకి నేనిచ్చే జవాబు అదొక్కటే మరి.

"అందుకే ఆ పెద్ద ఎయిర్‌పోర్టు వద్దంటున్నాను," అన్నాడు నాన్న. ఆయన డ్రైవింగ్ స్కూలు కారు బయట ఆపి, తాళాలు వేలికి తిప్పుకుంటూ అప్పుడే లోపలికొచ్చాడు. "రేపు సాయంత్రంలోగా రెండు స్కూళ్లకీ ఏదో ఒకటి చెప్పాలి. చిన్న ఫీల్డులో చేరుద్దాం. అక్కడ టవరూ లేదు, అక్కా లేదు. గొడవ లేదు."

అక్క సంతోషంగా సరేనంటుందనుకున్నాను. ఇంత పరువు పోయాక ఎవరైనా అంటారు.

"వద్దు," అంది అక్క. "అది పెద్దదాంట్లోనే నేర్చుకోవాలి."

నాన్న తాళాలు తిప్పడం ఆపాడు.

"క్లచ్ మీద కాలు కుదరని వాణ్ని ఎవరైనా నడిబజార్లోకి తీసుకెళ్తారా? ముందు ఖాళీ గ్రౌండులో తిప్పిస్తాం. చెయ్యి కుదిరాకే రోడ్డు."

"గ్రౌండులో నేర్చుకున్నవాళ్లు రోడ్డెక్కాక ఏం చేస్తారో నువ్వే చెప్తావుగా నాన్నా! సిగ్నల్ దగ్గర ఇంజను ఆపేసి, స్టీరింగ్ పట్టుకుని ఏడుస్తారని."

నాన్నకి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు.

"పెద్దదాంట్లో సగం సమయం క్యూలోనే పోతుందన్నది కూడా నువ్వేగా," అన్నాడు అక్కతో. "ముందో పెద్ద విమానం, దాని వెనక ఇంకోటి. వాటి గాలి సుడి తగ్గేదాకా చిన్న విమానం కదలకూడదు. ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంటుంది."

"క్యూలో నిలబడటం కూడా నేర్చుకోవాల్సిందే."

"ఇది నేర్చుకునేది ఎగరడానికా, నిలబడటానికా?" అంది అమ్మ, దారం పళ్లతో తెంపుతూ. "నిలబడటం దానికి బాగా వచ్చు. చూడు, గ్లాసు పట్టుకుని ఎలా నిలబడిందో."

అందరూ నా వైపు చూశారు. నేను గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

అక్క టీ ముట్టుకోలేదు. "ఆ చిన్న ఫీల్డు గురించి మీకేం తెలుసు? గాలి పక్క నుంచి కొడుతుంది. రన్‌వే ఆ చివర ఎత్తు. మధ్యాహ్నం దాటితే దుమ్ము. ఉన్నది ఒక్కటే విమానం, చలిగా ఉన్న పూట అది ఒక పట్టాన స్టార్టవదు. స్టార్టయినా కాసేపు దగ్గుతుంది."

"నీకెలా తెలుసు?" అన్నాను.

మెల్లగానే అన్నాను. కానీ మా ఇంట్లో నేను ప్రశ్న వేయడం అరుదు కాబట్టి గట్టిగా అన్నట్టు వినిపించింది.

"కంట్రోలర్ని. చుట్టుపక్కల ఫీల్డులన్నీ తెలిసుండాలి."

"దగ్గుతుందని కూడానా?"

అక్క సంచీ భుజానికేసుకుని గదిలోకి వెళ్లిపోయింది. అమ్మ మళ్లీ మిషన్ తొక్కింది. ఈసారి వేగంగా తొక్కింది.

మా ఇద్దరిదీ ఒకటే గది. రెండు మంచాల మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. అక్క కిటికీ వైపు తిరిగి జడ విప్పుకుంటోంది.

"నాకు చిన్నదే కావాలి," అన్నాను, ఆమె వీపుతో.

"ఎందుకు?"

"అక్కడ ఎవరూ ఏమీ అడగరు. మాట్లాడక్కర్లేదు."

"అందుకే వద్దన్నది. ఇంట్లో నీ బదులు నేను మాట్లాడాను. బళ్లో టీచర్లతో నేను మాట్లాడాను. దుకాణంలో చిల్లర తక్కువిస్తే నేనే వెళ్లి అడిగాను. ఆకాశంలో కూడా నేనే మాట్లాడాలా ఎలుకా?"

చిన్నప్పటి నుంచి నన్ను అలాగే పిలుస్తుంది. నా గొంతు ఎలుక గొంతట.

"మాట్లాడాలనే కదా నీకు!" అన్నాను. "ఆగు, కదులు, దిగు. నేను ఎక్కడికెళ్లినా పైన నీ గొంతుండాలి. అంతేగా?"

అక్క ఇటు తిరిగింది. దువ్వెన చేతిలోనే ఉంది.

"ఒకటి చెప్పు. నువ్వు రన్‌వే ఎక్కుతావు. నేను అద్దాల గదిలో కూర్చుని, ఎక్కమని నీకు అనుమతిస్తాను. మనిద్దరిలో కుళ్లు ఎవరికుండాలి?"

దానికి జవాబు ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పైలట్ కావాలనుకున్నది అక్క. అన్ని పరీక్షలూ నెగ్గింది. చివరికి డాక్టర్లు గుండె చప్పుడులో ఏదో తేడా ఉందన్నారు. ప్రాణానికి ముప్పు లేదు, టవర్లో కూర్చోవడానికి సరిపోతుంది, విమానం నడిపే లైసెన్సు మాత్రం ఇవ్వలేమన్నారు. ఆ రోజు నుంచి ఇంటి మీదుగా విమానం పోతే అమ్మ కావాలని గిన్నెలు చప్పుడు చేస్తుంది.

అక్కకి కుళ్లుండటం న్యాయం. నాకు ఉండకూడదు.

కానీ నాకే ఉంది. నిన్న విమానంలో నా చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి, కింద ఊరంతా అగ్గిపెట్టెల్లా పరిచి ఉంది. కెప్టెన్ మేడమ్ నా వైపు చూసి ఏమంది? "టవర్లో ఉన్నది మీ అక్కా! ఆ గొంతు వింటే ఎంత వానలోనైనా ధైర్యంగా దిగిపోవచ్చమ్మా," అంది. నడిపింది నేను. మెచ్చుకున్నది అక్కని.

"నీకే ఉండాలి," అన్నాను అక్కతో. "ఉంది కూడా. అందుకే నన్ను నీ కింద పెట్టుకోవాలని చూస్తున్నావు."

అక్క దువ్వెన మంచం మీదికి విసిరింది. కొడుతుందేమో అనుకున్నాను.

"నీ ఇష్టం," అని అటు తిరిగి పడుకుంది. జడ సగం విప్పే ఉంది.

పొద్దున్న చిన్న ఫీల్డు చూసొద్దామని నాన్న అక్కని కూడా పిలిచాడు. ఆ రోజు ఆమెకి సెలవే.

"తలనొప్పి. మీరు వెళ్లండి," అంది దుప్పట్లోంచి.

"నీకు తెలిసినంత మాకు తెలియదుగా, వస్తే బాగుండేది."

"నా మాట ఎవరు వింటున్నారని?"

డ్రైవింగ్ స్కూలు కారులో బయల్దేరాం. పైన నేర్చుకునేవారి బోర్డు ఉంటుంది కాబట్టి అందరూ భయపడి దారి ఇచ్చేస్తారు. నాన్నకి అది ఎప్పుడూ సరదానే. ఆ రోజు నవ్వలేదు.

"నీకు నిజంగా అదే ఇష్టమా చిన్నీ? మీ అక్క మీద కోపంతో కాదుగా?"

"ఇష్టమే నాన్నా."

"అది మంచికే చెప్తోందేమో."

"ఎప్పుడూ అదే మంచికి చెప్తుంది," అన్నాను. నాన్న గేరు మార్చాడు.

ఊరు దాటాక ఒక కంచె, కంచెలో తెరిచి ఉన్న గేటు. కాపలా ఎవరూ లేరు. సన్నటి రన్‌వే, రెండు వైపులా మోకాళ్లెత్తు గడ్డి. ఒక రేకుల షెడ్డు, దాని మీద కర్రకి కట్టిన గాలి సంచి బద్ధకంగా ఊగుతోంది. షెడ్డు ముందు చిన్న తెల్ల విమానం. దాని ముక్కు కింద పడుకుని ఒక పెద్దాయన ఏదో బిగిస్తున్నాడు.

అక్క చెప్పినట్టే రన్‌వే ఆ చివర ఎత్తుగా ఉంది.

"మాస్టారు మీరేనా?" అన్నాడు నాన్న.

"నేనే మాస్టారు, నేనే మెకానిక్కు, నేనే ఊడ్చేవాణ్ని," అంటూ ఆయన లేచాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "నేర్చుకునేది ఎవరు? మీరా, అమ్మాయా?"

"అమ్మాయి. కొంచెం బిడియం. ఎక్కువ మాట్లాడదు. అందుకే ఇక్కడైతే బాగుంటుందని..."

మాస్టారు నవ్వాడు.

"పొరపాటు పడ్డారు సార్. మాట్లాడనివాళ్లకి పెద్ద ఎయిర్‌పోర్టే సుఖం. అక్కడ వాళ్లే అడుగుతారు, మనం జవాబిస్తే చాలు. ఇక్కడ అడిగేవాడు లేడు. నేను ఇదిగో ఇక్కడున్నాను, దిగబోతున్నాను అని ఎవరూ అడక్కుండానే గాల్లోకి చెప్పాలి. విన్నవాడు విన్నాడు. ఎవరూ లేకపోతే ఆ మేకలు వింటాయి. చెప్పడం మాత్రం మానకూడదు."

నాన్న నా వైపు చూశాడు. నేను గడ్డి వైపు చూశాను.

"సరే, ఒక చుట్టు తిరిగొద్దాం రా తల్లీ. ఎడమ సీటు నీది."

రెక్క మీద కాలు పెట్టి లోపలికి దిగి కూర్చున్నాను. కింద మెత్తగా ఏదో తగిలింది. దిండు. నీలం, బూడిద రంగు గళ్లు అతికి కుట్టింది.

అమ్మ బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. మిగిలిన ముక్కలతో ఇలాంటి దిళ్లు కుట్టి ఇంటినిండా వేస్తుంది. అంచు మీద రెండు వరసల కుట్టు, మూల దగ్గర చిన్న ముడి. ఆ ముడి అమ్మ తప్ప ఎవరూ వేయరు.

దిండు మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాను.

"అదా? మా శనివారం అమ్మాయిది," అన్నాడు మాస్టారు, పక్క సీట్లో సర్దుకుంటూ. "ఎత్తు చాలక తెచ్చుకుంది. నువ్వూ అంతే ఉన్నావు, సరిపోయింది."

"శనివారం అమ్మాయి ఎవరు?"

"ఉందిలే, పెద్ద ఎయిర్‌పోర్టు టవర్లో పని. లైసెన్సు ఇవ్వరట పాపం, గుండెలో ఏదో ఉందని. ఏం చేస్తుంది? నేను పక్కన ఊరికే కూర్చుంటాను, తను నడుపుతుంది. శనివారం షిఫ్టు పొద్దున్న లేకపోతే ఇక్కడుంటుంది. మూడేళ్లయింది. ఇంట్లో చెప్పలేదట, వాళ్లమ్మ భయపడుతుందని."

శనివారం పొద్దున్న అక్క బట్టలు ఉతికించడానికి వెళ్తుంది. అలా అని చెప్తుంది. నేనెప్పుడూ అడగలేదు.

ఇంజను తిరగనని మొరాయించింది. మళ్లీ ప్రయత్నిస్తే అందుకుంది, దగ్గింది, ఇంకోసారి దగ్గి సర్దుకుంది.

ఎవరి కోసమూ ఆగక్కర్లేకపోయింది. అటు చూశాం, ఇటు చూశాం, లేచిపోయాం. గడ్డి కిందికి జారింది. నాన్న చిన్నగా, తల పైకెత్తి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కనిపించాడు. ఒక్క క్షణం అన్నీ మర్చిపోయాను.

"ఇప్పుడు చెప్పు. ఎక్కడున్నామో," అన్నాడు మాస్టారు, మైకు చూపించి.

మైకు నోటి దగ్గరికి తెచ్చుకుని మళ్లీ దించేశాను. ఆయన అది తీసుకుని, మేమెక్కడున్నామో తనే గాల్లోకి చెప్పాడు.

"పర్లేదు, మొదట్లో అందరూ అంతే. ఆ అమ్మాయి మాత్రం మొదటి రోజే ఎంత చక్కగా చెప్పిందో! రేడియో వార్తల్లో చదివినట్టు."

దిగేటప్పుడు నన్ను చేతులు తియ్యొద్దన్నాడు. ఆయన దింపుతుంటే నా చేతుల కింద స్టీరింగ్ మెల్లగా వెనక్కి వచ్చింది. చక్రాలు తగిలాయి.

"చూశావా, గట్టిగా పట్టుకోలేదు నువ్వు. మెత్తటి చేతులు. అచ్చం ఆ అమ్మాయికి ఉన్నట్టే."

నా చేతులు కూడా నావి కావన్నమాట.

అప్పుడర్థమైంది, అక్క నన్ను పెద్ద ఎయిర్‌పోర్టుకి ఎందుకు తోసిందో. నన్ను తన కింద పెట్టుకోవడానికి కాదు. ఇక్కడికి రాకుండా చూడ్డానికి. అంత పెద్ద ఎయిర్‌పోర్టులో నా తప్పు భరించడానికి కూడా సిద్ధపడింది, టవరంతా అక్కా అక్కా అని నవ్వినా ఫరవాలేదనుకుంది, ఈ గడ్డినీ ఈ దగ్గే ఇంజన్నీ మాత్రం నాకివ్వలేకపోయింది.

జాలి పడాల్సింది. తెలుసు. అయినా నాకు కలిగింది జాలి కాదు. లైసెన్సు రాదన్నా ఆకాశం దాని దగ్గర ముందే ఉంది. నాకంటే ముందే ఉంది. నేను ఎక్కడికెళ్లినా ఆ సీట్లో అక్క కూర్చుని లేచి వెళ్లిన వెచ్చదనమే మిగిలి ఉంటుంది.

కిందికి దిగేసరికి నాన్న పరుగులాంటి నడకతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఎంత బాగా దిగావే! ఖాయం చేసేద్దామా?"

తలూపాను.

"అయితే ఏ పూట వస్తావో చెప్పు తల్లీ," అన్నాడు మాస్టారు. "ఉన్నది ఒకే విమానం అయినా వచ్చేవాళ్లు తక్కువే. వారంలో ఎప్పుడైనా నీ ఇష్టం. ఒక్క శనివారం పొద్దున తప్ప."

"నాకు శనివారం పొద్దునే కావాలి," అన్నాను.

తడబడకుండా వచ్చింది ఆ మాట. అలా మాట్లాడగలనని నాకే తెలియదు.

"అదేంటి చిన్నీ? నీకు రోజూ సాయంత్రాలు ఖాళీయేగా?" అన్నాడు నాన్న.

"సాయంత్రం వద్దు. శనివారం పొద్దున."

మాస్టారు గడ్డం గోక్కున్నాడు. "అది ఆ అమ్మాయి పూట. వాన పడినా వచ్చి షెడ్డులో కూర్చుని వెళ్తుంది. తనని అడక్కుండా నేను మార్చలేను."

"అడగండి," అన్నాను.

ఆయన ఫోను తీసి, నంబరు నొక్కి, స్పీకరు పెట్టి రెక్క మీద ఉంచాడు.

"చెప్పండి మాస్టారూ!"

నాన్న చేతిలో తాళాలు చప్పుడు చేసి ఆగాయి.

అది టవర్లో వినిపించే గొంతు కాదు. ఇంట్లో వినిపించేదీ కాదు. నవ్వుకి ముందుండే గొంతు. తలనొప్పి ఎక్కడా లేదు. అక్కకి అలాంటి గొంతు ఒకటుందని నాకెవరూ చెప్పలేదు.

"ఏం లేదమ్మా. ఒక కొత్త అమ్మాయి వచ్చింది. నీ శనివారం పూట కావాలంటోంది. వేరే పూటలున్నాయంటే వినట్లేదు."

ఫోన్లో మంచం చప్పుడు చేసింది.

"వాళ్ల నాన్నగారితో వచ్చిందా?"

"అవును. నీకెలా..."

"ఫోను స్పీకర్లో ఉందా?"

"ఉంది."

మేకలు అరిచాయి. నాన్న రెక్క దగ్గరికి వచ్చి ఫోను మీదికి వంగాడు. "ఏమ్మా, నువ్వు ఆ గుండెతో..." అన్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంటికొచ్చాక తిట్టు నాన్నా. అమ్మకి నేనే చెప్తాను. ఒక్క నిమిషం దానితో మాట్లాడనీ." అక్క ఊపిరి వినిపించింది. "ఎందుకే శనివారం?"

మాస్టారు మా ముగ్గురినీ, అంటే నన్నూ నాన్ననీ ఫోన్నీ, మార్చి మార్చి చూస్తున్నాడు.

మిగతా రోజులు కాలేజీ అని చెప్పొచ్చు. పొద్దున గాలి నెమ్మదిగా ఉంటుందని చెప్పొచ్చు, అది నిజం కూడా. నాన్న నా బదులు ఏదైనా చెప్తాడేమోనని చూశాను. నాన్న తలెత్తలేదు.

"అది నీది కాబట్టి," అన్నాను.

ఫోన్లో కుట్టుమిషన్ చప్పుడు దగ్గరికి వచ్చి, దూరమైంది. "తలనొప్పన్నావు, ఎక్కడికే?" అని అమ్మ కేక. గేటు కిర్రుమంది.

తర్వాత స్కూటర్ స్టార్టయిన చప్పుడు. ఫోను ఆపకుండానే అక్క ఇక్కడికి బయల్దేరింది.